ట్యాక్స్ పడకపోయినా డెలివరీ బాయ్స్ రిటర్న్ ఎందుకు వెయ్యాలి?

బోధన్ షుగర్ ఫ్యాక్టరీ నడిచినప్పుడు జీతం మీద పన్ను లెక్క ఆఫీసే చూసుకునేది. 2015లో అది మూతపడింది. ఇప్పుడు నిజామాబాద్‌లో కిరాణా డెలివరీ చేసే తమ్ముళ్లకు శాలరీ స్లిప్ ఉండదు, లెక్క మనమే చూసుకోవాలి.

"నాకు ట్యాక్సే పడదు, రిటర్న్ ఎందుకన్నా?" అని నన్ను చాలామంది అడుగుతారు. ఎందుకంటే, చాలా కంపెనీలు మీ పేమెంట్‌లో 1 శాతం టీడీఎస్ ముందే పట్టుకుంటాయి. పాన్-ఆధార్ లింక్ లేకపోతే 20 శాతం పోతుంది.

2025-26లో మీకు 2,40,000 వచ్చిందనుకుందాం. కట్ అయింది 2,400. ఐటీఆర్-4లో 44ఏడీ సెక్షన్ కింద, బ్యాంకులో పడ్డదాంట్లో కనీసం 6 శాతం, అంటే 14,400 లాభంగా చూపొచ్చు. నిజంగా ఎక్కువ మిగిలితే ఆ ఎక్కువే రాయాలి. పెట్రోల్ ఖర్చు మళ్లీ విడిగా తీసెయ్యొద్దు. కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు కాబట్టి 2,400 మొత్తం మీకే రావాలి.

ముందు పోర్టల్‌లో ఏఐఎస్ తెరిచి ఎంత కట్ అయిందో చూడండి. బ్యాంకు ఖాతా వ్యాలిడేట్ చెయ్యండి. గడువులోపు రిటర్న్ వేసి, 30 రోజుల్లో ఈ-వెరిఫై చెయ్యండి. అది మరిచిపోతే రిటర్న్ చెల్లదు, రిఫండ్ రాదు.

ఎండల్లో బండి తోలి సంపాదించిన పైసలు, వదిలెయ్యకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.