స్కాట్లండు భూస్వాముల ఋణపత్రాలు

స్కాట్లండులో పూర్వం భూమిని అప్పగించేటప్పుడు ఆ నేలమీదనే పిడికెడు మట్టిని, రాతిని పుచ్చుకొనువాని చేతిలో ఉంచేవారు. దీనికి ‘సేసిన్’ అని పేరు. అయితే తాకట్టు సంగతి దాచి, అదే భూమిని మరొకరికి విక్రయించే మోసాలు ప్రబలినవి. అందుచేత 1617లో పార్లమెంటు సేసిన్ రిజిస్టరును నెలకొల్పింది. 60 దినాలలో నమోదు కాని పత్రం తరువాతి కొనుగోలుదారుపై చెల్లేది కాదు.

బాకీ తీర్చని భూస్వామిని, కొమ్ము మూడుమార్లు ఊది, రాజాజ్ఞను ధిక్కరించినవానిగా చాటేవారు. 1672 శాసనం పిమ్మట న్యాయస్థానం అతని భూమిని ఋణదాతకు స్వాధీనపరచేది. 10 సంవత్సరాలలోగా బాకీ చెల్లించి విడిపించుకోవచ్చును.

ఈ గ్రంథాలు నేడు ఎడింబరోలో భద్రంగా ఉన్నవి. వంశప్రశస్తులు దాచిన అప్పులను ఇవి దాచలేదు. అందరికీ తెరచియుంచిన పుస్తకమే ఋణదాతకు, కొనుగోలుదారుకు సమానరక్షణ అని విద్యార్థులు గ్రహింతురు గాక!