బ్రెడ్డు చేసే ముందు ఈస్ట్‌ను నిద్ర లేపండి



మనది అన్నం తినే ప్రాంతం. మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులే. సూర్యాపేటలోనైనా కోదాడలోనైనా ఒకప్పుడు బ్రెడ్డు అంటే రోగి తిండి. జ్వరం వస్తే పాలు, బ్రెడ్డు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఓవెన్ ఉంది, ఇంట్లోనే చేస్తున్నారు. డిశ్చార్జి అయి వెళ్లేవారి ఇంటివారు, సంఘంలోని అక్కచెల్లెళ్లు మమ్మల్ని తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. పిండి ఎందుకు పొంగడం లేదు? ఈస్ట్‌కు చక్కెర వేస్తారు గదా, షుగరు ఉన్నవారికి పెట్టవచ్చా?

ఈస్ట్ పొడి మందు కాదు, సోడా కాదు. అది ప్రాణమున్న సూక్ష్మజీవి, ఒక రకం శిలీంధ్రం. ఎండబెట్టి ప్యాకెట్లో పెడితే నిద్రలో ఉంటుంది. నీళ్లు తగిలితే లేస్తుంది, చక్కెర తిని కార్బన్ డయాక్సైడ్ వాయువును వదులుతుంది. ఆ వాయువే పిండిని పొంగిస్తుంది. దాంతోపాటు కొంచెం ఆల్కహాలు కూడా తయారవుతుంది గాని, కాల్చేటప్పుడు చాలావరకు ఆవిరైపోతుంది. పులియడం అనేది జీవుల పని అని 1857 నుండి లూయీ పాశ్చర్ తన ప్రయోగాలతో చూపించారు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుండే ఆడవాళ్లు నిన్నటి పిండిలో ఒక ముద్ద దాచి నేటి పిండిలో కలిపేవారు. మత్తయి 13వ అధ్యాయంలో మూడు కుంచాల పిండి కలిపిన స్త్రీ చేసింది ఆ పనే.

ఎక్కువమందికి పని చెడేది నీళ్ల వేడి దగ్గర. డ్రై ఈస్ట్‌కు 38 నుండి 43 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మా నర్సుల లెక్కలో చెప్పాలంటే నీళ్లకు 104 జ్వరం ఉండాలి. చన్నీళ్లలో అది సరిగా లేవదు. 60 డిగ్రీలు తగిలితే చచ్చిపోతుంది, ఆపైన ఎంత చక్కెర వేసినా లాభం లేదు. జ్వరం చూసే పాదరసం థర్మామీటరును మాత్రం ఈ నీళ్లలో పెట్టవద్దు. అది 42 డిగ్రీల వరకే కొలుస్తుంది, వేడి ఎక్కువైతే పగిలి పాదరసం తిండిలో కలుస్తుంది.

థర్మామీటరు లేకుండానే కుదురుతుంది. కళపెళ మరిగిన నీళ్లు ఒక వంతు, కుండలోవి కాకుండా బిందెలోని మామూలు నీళ్లు నాలుగు వంతులు కలపండి. క్రిస్మస్ రోజుల్లో బిందె నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి మూడు వంతులు చాలు. మే నెల మధ్యాహ్నం మన మేడల మీది ట్యాంకు నీళ్లకు పొయ్యి అవసరమే ఉండదు. చివరికి పసిబిడ్డ పాలు చూసినట్టు మణికట్టు లోపలివైపు రెండు చుక్కలు వేసి చూడండి. వెచ్చగా తెలియాలి, చురుక్కుమనకూడదు. నీళ్ల బదులు పాలు వాడితే మరగబెట్టి, ఇంతే వేడికి చల్లార్చండి.

పావు కిలో పిండికి అర కప్పు ఇలాంటి నీళ్లు, ఒక చెంచా చక్కెర, ఒక చెంచా ఈస్ట్ కలిపి మూతపెట్టండి. పది నిమిషాల్లో పైన నురగ తేలి పులుపు వాసన వస్తే ఈస్ట్ బతికే ఉంది. నురగ రాకపోతే ఆ నీళ్లు పారబోయండి. పోయింది ఒక చెంచా చక్కెరే, పిండి, నూనె, గ్యాసు మిగిలాయి. చక్కెర ఎక్కువ వేస్తే త్వరగా పొంగుతుందనుకోకండి, చిక్కటి పాకం ఈస్ట్ కణంలోని నీటినే లాగేస్తుంది. ఉప్పు కూడా అంతే, దానిని పొడి పిండిలో కలపండి. ప్యాకెట్ మీద ఇన్‌స్టంట్ ఈస్ట్ అని ఉంటే నానబెట్టకుండా నేరుగా పిండిలో కలుపుకోవచ్చు.

కల్లు వేసి పిండి పులియబెట్టవచ్చా అని అడిగేవారూ ఉన్నారు. గోవాలో పాతకాలపు రొట్టెల వాళ్లు కల్లుతోనే పులియబెట్టేవారు, కల్లు నురగలో ఉన్నదీ ఈస్టే. కాని తెలంగాణలో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు ఎన్నోసార్లు పట్టుబడింది. పిల్లలు తినే రొట్టెలోకి అది వద్దు.

ఇక షుగరు సంగతి. ఆ చెంచా చక్కెర నాలుగైదు గ్రాములు, అందులోనూ చాలా భాగం ఈస్టే తినేస్తుంది. భయపడవలసింది దానికి కాదు, మైదాకు. రెండు ముక్కల బ్రెడ్డులో సుమారు 25 నుండి 30 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది, అంటే ఇంచుమించు 100 గ్రాముల వండిన అన్నం. చాలామంది పెద్దవాళ్లు అన్నం మానలేక, పైగా బ్రెడ్డు మంచిదని నాలుగు ముక్కలు టీలో ముంచుకుని తింటారు. ఆ తర్వాత రక్తపరీక్షలో షుగరు పెరిగితే మాత్రలను తప్పు పడతారు. అన్నానికి బదులుగా తినండి, అన్నంతోపాటు కాదు. సగం గోధుమపిండి కలిపితే మంచిదే, కాని అదీ లెక్కలోకి వస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారు అన్నం పూర్తిగా మాని బ్రెడ్డుకు మారే ముందు డాక్టరు గారిని అడగండి, డోసు మార్చవలసి రావచ్చు. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇంట్లో చేయడంలో ఒక లాభం ఉంది, ఉప్పు మీ చేతిలో ఉంటుంది.

పచ్చి పిండి ముద్దను పిల్లల చేతికి ఇవ్వకండి, కడుపులోకి వెళ్లాక కూడా అది పొంగుతుంది. తెరిచిన ఈస్ట్ ప్యాకెట్‌ను గట్టి మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. వార్డులో ఇన్సులిన్ సీసా మీద మేము రాసినట్టే, తెరిచిన తేదీని డబ్బా మీద రాయండి. మూడు నాలుగు నెలలు దాటితే ముందు నురగ పరీక్ష చేసి, ఆ తర్వాతే పిండి జల్లించండి.