భూకంపం నేర్పిన పాఠం

2001 జనవరి 26న గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో సంభవించిన భూకంపానికి, 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో సైతం బహుళ అంతస్తుల భవనాలు నేలకూలాయి. వాటిలో పెక్కింటికి కింది అంతస్తును వాహనాల కోసం గోడలు లేకుండా వదిలారు. పై అంతస్తులు గోడలతో బిగువుగా ఉండగా, కుదుపు ప్రభావమంతా కింది స్తంభాల మీదే పడింది.

2002లో భారతీయ ప్రమాణాల సంస్థ తన నియమావళిని సవరించింది. అటువంటి అంతస్తులోని స్తంభాలను, దూలాలను లెక్కలో వచ్చిన బలాలకు రెండున్నర రెట్లు తట్టుకొనేలా రూపొందించడం ఒక మార్గమని సూచించింది.

అయితే నియమం గ్రంథంలో ఉంటే చాలదు. స్తంభపు కడ్డీలను చుట్టే రింగుల కొనలను 135 డిగ్రీలు లోపలికి వంచాలని 1993 నాటి ప్రమాణమే చెప్పింది. 90 డిగ్రీల వంపు తీవ్రమైన కుదుపుకు విడిపోగలదు. కాంక్రీటు పోశాక ఆ తేడా కంటికి కనబడదు. కనుక నియమం ఇంజనీరుకే కాక, కడ్డీలు వంచే కార్మికునికీ తెలియాలి.