ఛాయాచిత్రముల తరలింపు

మన పెద్దలు ఛాయాచిత్రమునకు పటము కట్టించి గోడకు వ్రేలాడదీసిన దినములలో, దాని వెనుక అట్టమీద పేరును, ఊరును, సంవత్సరమును పెన్సిలుతో వ్రాసియుంచెడివారు. అట్లు వ్రాసిన పటములోని మనుష్యులు నేటికిని మనకు తెలియుచున్నారు. వ్రాయని పటములోనివారు, ఎవరో చెప్పగలవారు లేక, వట్టి ముఖములై మిగిలిరి. ఇప్పుడు చిత్రములు గోడలనుండి కంప్యూటరులోనికి చేరినవి. ఒక్కొక్క కుటుంబమునకు వేలకొలది చిత్రములుండుటచే వానిని క్రమపరచుటకు ప్రత్యేకమైన ప్రోగ్రాములు ఏర్పడినవి. ఒక ప్రోగ్రామునుండి వేరొకదానికి చిత్రములను తరలించునప్పుడు ఆ పెన్సిలు వ్రాతవంటి సమాచారము నశింపకుండ కాపాడుకొనుట యెట్లో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

తరలింపవలసిన యవసరమేమని కొందరడుగవచ్చును. ప్రోగ్రాములకును ఆయుర్దాయము కలదు. పికాసా అను ప్రోగ్రామును గూగుల్ సంస్థ 2004లో కొని యుచితముగా నందరికి నిచ్చెను. 2016వ సంవత్సరము మార్చిలో దానిని నిలిపివేసెను. ఆపిల్ సంస్థ 2005లో వెలువరించిన అపర్చర్ అను ప్రోగ్రామును ఇక వృద్ధిచేయబోమని 2014లో ప్రకటించెను. 2019లో వచ్చిన మ్యాక్ ఓ.ఎస్. కేటలీనా మొదలుకొని అది పనిచేయుటయే మానినది. చిత్రములు మనవే, వానిని చూపు ప్రోగ్రాము మాత్రము పరులది. ఇది మరువరాదు.

ఈ విషయము మన పాఠశాల గ్రంథాలయముతో పోల్చిచూచిన సులభముగా బోధపడును. పుస్తకముమీద దాని పేరు అచ్చువేయబడియుండును. లోపల నొక చీటి యతికింపబడియుండవచ్చును. ఇవిగాక గ్రంథపాలకుని బల్లమీద నొక రిజిస్టరుండును. పుస్తకములన్నియు బండికెత్తి క్రొత్త భవనమునకు చేర్చి, రిజిస్టరును పాత బల్లమీదనే విడిచిపెట్టినయెడల పుస్తకములు చేరును గాని గ్రంథాలయము చేరదు.

అట్లే చిత్రమునుగూర్చిన సమాచారము మూడు చోట్ల నుండును. మొదటిది, చిత్రపు ఫైలులోపల. కెమేరా తానే తీసిన దినమును, గడియను ఎక్సిఫ్ అను పద్ధతిలో అచ్చట వ్రాయును. ఈ పద్ధతి 1995లో జపానులో నేర్పడినది. మనము వ్రాయు పేర్లను, వివరణములను ఐ.పి.టి.సి. అను పాత పద్ధతిలోగాని, అడోబీ సంస్థ 2001లో వెలువరించిన ఎక్స్.ఎం.పి. అను పద్ధతిలోగాని అదే ఫైలులో నుంచవచ్చును. రెండవది, చిత్రము ప్రక్కనే యుండు చిన్న తోడు ఫైలు. మూడవది, ప్రోగ్రాముయొక్క సొంత రిజిస్టరు; దీనినే డేటాబేసు లేక కేటలాగు అందురు. మొదటి చోటనున్నది చిత్రముతో పాటు పోవును. రెండవ చోటనున్నది జాగ్రత్తపడిన పోవును. మూడవ చోటనున్నది ఇతర ప్రోగ్రాములకు సాధారణముగా తెలియదు.

ఉదాహరణమునకు పికాసానే తీసికొందము. అందులో జెపెగ్ చిత్రముల క్రింద వ్రాసిన వివరణము ఫైలులోపలనే చేరుచుండెను. కాని మనము పెట్టిన నక్షత్రపు గుర్తును, చేసిన దిద్దుబాట్లును ప్రతి ఫోల్డరులోను దాగియుండు చిన్న పికాసా ఫైలులో నుండెడివి. దిద్దిన చిత్రమును సేవ్ చేసినప్పుడు, దిద్దక మునుపటి మూలచిత్రము వేరొక దాగిన ఫోల్డరులో భద్రపరుపబడెడిది. కాబట్టి పాత కంప్యూటరులో పికాసా యింకను పనిచేయుచున్నవారు చిత్రములను కదలింపక మునుపే రెండు పనులు చేయవలెను: ముఖములకు పెట్టిన పేర్లను ఫైలులలోనే వ్రాయుమని దాని యమరికలలో నాజ్ఞ యిచ్చుట యొకటి; దాగిన ఫైలులు కనబడునట్లు చేసికొని వానినిగూడ నకలు చేసికొనుట రెండవది. పిమ్మట డిజికామ్ వంటి ఉచితమైన ప్రోగ్రామును తెరచి ఆ ఫోల్డరులను చూపినచో, ఫైలులలోనున్న పేర్లను అది చదువుకొనగలదు. ఇది విండోసులోను, మ్యాక్‌లోను, లినక్సులోను పనిచేయును.

లైట్‌రూమ్ క్లాసిక్ వాడువారు మరియొకటి గమనింపవలెను. మనము వ్రాసినదానిని అది ముందుగా తన కేటలాగులో నుంచుకొనును; ఫైలులో వ్రాయుమని మన మాజ్ఞాపించినగాని లేక తనంతట వ్రాయునట్లు అమర్చినగాని ఫైలునకు చేరదు. అప్పుడైనను కలెక్షనులని పిలువబడు సంపుటములు చేరవు. దీనికొక యుపాయము కలదు. ఒక్కొక్క కలెక్షనులోని చిత్రములనన్నిటిని ఎన్నుకొని, ఆ కలెక్షను పేరునే గుర్తుమాటగా వానికి చేర్చవలెను. గుర్తుమాట ఫైలుతో పోవును. క్రొత్త చోట దానినిబట్టి సంపుటమును మరల కూర్చుకొనవచ్చును.

తెలుగున పేర్లు వ్రాయువారికి వేరొక చిక్కు కలదు. పాత ఐ.పి.టి.సి. పద్ధతిలో ఒక గుర్తుమాటకు 64 బైట్లు మాత్రమే చోటు. ఇంగ్లీషు అక్షరమున కొక బైటు చాలును, యూ.టి.ఎఫ్. 8 అను విధానమున తెలుగు సంకేత మొక్కొక్కదానికి 3 బైట్లు పట్టును. ‘లక్ష్మి’ అనునది మన కంటికి రెండక్షరములైనను కంప్యూటరునకు 7 సంకేతములు, అనగా 21 బైట్లు. ఇంటిపేరుతో కూడిన నిండు పేరు నడుమనే తెగిపోవుట కిదియే కారణము. ఎక్స్.ఎం.పి.లో నిట్టి పరిమితి లేదు గనుక తెలుగువారు దానినే యెన్నుకొనుట మేలు.

ఇక తరలించు క్రమము. మొట్టమొదట చిత్రములన్నిటికిని నకలు తీసి వేరొక డిస్కులో నుంచి, వీలైన దానిని వేరొక యింట భద్రపరుపవలెను. రెండవది, తరలించు సమయమున ఫోల్డరుల పేర్లు మార్చరాదు. ఇల్లు మారునప్పుడే సామానుల పెట్టెలు మార్చినవానికి ఏది యెచ్చటనున్నదో తెలియదు. మూడవది, ఇరువది చిత్రములతో ముందు పరీక్ష చేయవలెను. వానిలో ముఖమునకు పేరున్నది, తెలుగు వివరణమున్నది, నక్షత్రమున్నది, దిద్దినది ఒక్కొక్కటైన నుండవలెను. నాలుగవది, పని ముగిసినపిమ్మట పాత చోటను, క్రొత్త చోటను చిత్రములను లెక్కించి సరిచూడవలెను. అయిదవది, పాత ప్రోగ్రామును వెంటనే తీసివేయక ఒక సంవత్సరమైన నుంచుకొనవలెను. లోపములు పండుగకో పెండ్లికో పాత చిత్రమును వెదకునప్పుడుగాని బయటపడవు.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఛాయాచిత్రమునుండి, తీసిన తేది మొదలైన లోపలి సమాచారము తొలగిపోవును. బంధువులయొద్దనుండి చిత్రములు తెప్పించుకొనువారు వానిని డాక్యుమెంటుగా పంపుమని కోరిన, ఫైలు ఉన్నదున్నట్లు వచ్చును.

విద్యార్థులారా, ఈ పనిలో కంప్యూటరు చేయలేని భాగ మొకటి కలదు. తాతగారి పెండ్లినాటి చిత్రములో కుడిప్రక్క నిలిచిన బాలుడెవరో ఏ ప్రోగ్రామును చెప్పజాలదు. ముఖములను పోల్చి, ఈ రెండును ఒకరివేయని చెప్పగలదు గాని ఆ యొకరి పేరు మనము చెప్పవలసినదే. అది మీ నాయనమ్మగారికో, అమ్మమ్మగారికో మాత్రమే తెలిసియుండును. ఈ సెలవులలో వారి చెంత కూర్చుండి, ఒక్కొక్క చిత్రమును చూపి, పేరును, వరుసను, ఊరును అడిగి ఫైలులోపలనే వ్రాయుడు. ప్రోగ్రాము పోయిన మరియొకటి వచ్చును. ఆ పేర్లు తెలిసినవారు పోయినయెడల అడుగుట కెవరును ఉండరు.