శిస్తు లెక్క, బడి లెక్క: 19వ శతాబ్దపు బందరు

మచిలీపట్నం నుంచి గిలకలదిండి వైపు వెళ్తే దారిలో బందరు కోట శిథిలాలు కనిపిస్తాయి. 1611లో ఆంగ్లేయులు ఈ రేవులో వర్తకం కోసం దిగారు. 1759లో కర్నల్ ఫోర్డ్ ఈ కోటను ఫ్రెంచివారి నుంచి గెలుచుకున్నాడు. ఆ తరవాత కొద్ది సంవత్సరాలకే ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. అద్దకం బట్టలు కొనడానికి వచ్చిన వర్తకుడు శిస్తు వసూలు చేసే దొర అయ్యాడు. సాధారణంగా చరిత్ర పుస్తకాలు ఈ మార్పును యుద్ధాల వరసలో చెప్పి ముగిస్తాయి. ఈ పాఠంలో మనం వేరే ప్రశ్న వేసుకుందాం. శిస్తు వసూలు చేయాలంటే లెక్క రాయాలి. లెక్క రాయాలంటే చదువు కావాలి. ఆ చదువు ఎవరికి దొరికింది? దాని ఖర్చు ఎవరు భరించారు?

కరణం చేతిలో ఊరు

1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు విధానాన్ని తెచ్చింది. పాత జమీందారులకు ఏటా చెల్లించవలసిన పేష్కషు ఖరారైంది. కంపెనీ నేరుగా ఏలుతున్న హవేలీ భూములను ముక్కలుగా చేసి వేలం వేశారు. ఎక్కువ పాడినవాడే జమీందారు. అదే ఏడాది 29వ రెగ్యులేషను కరణాల విధులను నిర్ణయించింది. జమీందారు మారినా, దివాలా తీసినా గ్రామంలో ఎవరి చెక్క ఎంత, ఎవరి బాకీ ఎంత అన్న లెక్క కరణం దగ్గరే ఉండేది. ఆ లెక్కలు గొలుసుకట్టు రాతలో ఉండేవి. అచ్చు తెలుగు చదవగలిగినవారికి కూడా అది ఒక పట్టాన అంతుపట్టదు. నా విద్యార్థులు ఎందరో రాష్ట్ర అభిలేఖాగారంలో మొదటి రోజంతా ఒక్క పుట దగ్గరే ఆగిపోవడం చూశాను. చదువుకున్నవారికే ఇంత కష్టమైనప్పుడు, నాటి రైతు తన బాకీ లెక్కను ఎలా సరిచూసుకోగలడు?

నాటి వీధిబడుల గురించి మనకు మంచి ఆధారం ఒకటి ఉంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి కలెక్టరునూ తన జిల్లాలోని బడుల వివరాలు పంపమని కోరాడు. మచిలీపట్నం జిల్లా నుంచి వెళ్లిన లెక్కలో 484 బడులు, 49 ఉన్నత విద్యా స్థానాలు ఉన్నాయి. రాజధాని మొత్తం మీద 12,498 విద్యాలయాలు లెక్కకు వచ్చాయి. సంఖ్య తక్కువేమీ కాదు. కానీ ఆ పట్టికల్లో కులాల గడులు కూడా చూడండి. తమిళ జిల్లాలతో పోలిస్తే తెలుగు జిల్లాల్లో బ్రాహ్మణ, వైశ్య బాలుర వాటా ఎక్కువ. బాలికలు అతి తక్కువ. వీధిబడిలో నేర్పేది అక్షరాలు, ఎక్కాలు, భిన్నాల లెక్కలు. వీసం, పరక, కాణీ లెక్కలు కంఠతా వచ్చిన పిల్లవాడు కరణీకానికో కోమటి కొట్టుకో పనికొస్తాడు. ఆ రెండు పనులూ తన కుటుంబంలో లేని కాపు కొడుకు నాలుగు అక్షరాలు వచ్చాక నాగలి పట్టేవాడు.

మన్రో 1826లో ఒక పథకం ప్రతిపాదించాడు. కలెక్టరేటుకు రెండు బడులు, ప్రతి తహసీల్దారీకి ఒక బడి. పై బడి పంతులుకు నెలకు 15 రూపాయలు, కింది బడి పంతులుకు 9 రూపాయలు. ఇక్కడ ఒక విషయం గమనించండి. బడులను జనసంఖ్యను బట్టి కాక, శిస్తు వసూలు చేసే విభాగాలను బట్టి పంచారు. రెవెన్యూ పటమే విద్యా పటం కూడా అయింది. ఈ బడులు పదేళ్లు కూడా సరిగా నిలవలేదు. 1836లో ప్రభుత్వం వాటిని ఎత్తివేసింది.

నోబుల్ బడి

ప్రభుత్వం వదిలేసిన చోటులోకి మిషనరీలు వచ్చారు. చర్చి మిషనరీ సొసైటీకి చెందిన రాబర్ట్ నోబుల్ 1841లో బందరు చేరి, 1843లో ఇంగ్లీషు పాఠశాల తెరిచాడు. పై కులాల పిల్లలను ఆకర్షించడం అతని ఉద్దేశం. అందుకోసం అస్పృశ్యులుగా ఎంచిన కులాల పిల్లలను చేర్చుకోలేదు. ఈ నిర్ణయాన్ని అతని తోటి క్రైస్తవులే విమర్శించారు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే బడి దాదాపు ఖాళీ అయింది. అయినా కొంతకాలానికి పిల్లలు తిరిగి వచ్చారు. ఎందుకు వచ్చారో ఊహించడం కష్టం కాదు. 1859లో జిల్లాల పునర్విభజన జరిగి కృష్ణా జిల్లాకు బందరు ముఖ్య పట్టణమైంది. కలెక్టరు కచేరి, కోర్టు అక్కడే ఉన్నాయి. ఇంగ్లీషు వచ్చినవాడికి గుమాస్తా పని, ఆపైన తహసీల్దారీ. మతం పోతుందన్న భయాన్ని కొలువు మీది ఆశ మించింది. మన సామాజిక చరిత్రలో ఇలాంటి బేరం మీకు ఇంకా చాలా చోట్ల కనిపిస్తుంది.

అదే కాలంలో మాల కుటుంబాలు క్రైస్తవం స్వీకరించిన పల్లెల్లో వారికి వేరే చిన్న బడులు ఏర్పడ్డాయి. ఆ పిల్లల తండ్రులు శిస్తు కట్టే రైతులు కారు, ఆ భూముల్లో పనిచేసే పాలేర్లు. కనుక శిస్తు లెక్కల్లో వారి పేర్లు లేవు. ఈ సంగతి ఎందుకు ముఖ్యమో కింద తెలుస్తుంది.

భూమి మీద చదువు పన్ను

గోదావరి ఆనకట్ట 1852లోనూ, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లోనూ పూర్తయ్యాయి. నీరు వచ్చిన చోట రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. ఆ రోజుల్లో పొరుగున ఉన్న నరసాపురం ప్రాంతంలో సబ్ కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్ ఒక ప్రయోగం చేశాడు. రైతులు తమ ఊళ్లో బడికోసం శిస్తుతో పాటు కొంత అదనంగా చెల్లించడానికి ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో పల్లెల్లో బడులు నడిచాయి. నరసాపురంలోని టేలర్ ఉన్నత పాఠశాల నేటికీ ఆయన పేరు మోస్తోంది. అయితే ఒప్పుకొని తరవాత కట్టనంటే ఏం చేయాలి? బలవంతంగా వసూలు చేసే చట్టం లేదు. ఆ లోటు తీర్చడానికి మద్రాసు ప్రభుత్వం 1863లో 6వ చట్టం చేసింది. గ్రామస్తులు కోరితేనే అది అమలవుతుంది కనుక గోదావరి జిల్లా బయట పెద్దగా పాకలేదు. చివరికి 1871 స్థానిక నిధుల చట్టం ఎవరి సమ్మతితోనూ పని లేకుండా భూమి మీద సెస్సు వేసింది. రూపాయి శిస్తుకు ఒక అణా మించకూడదని హద్దు. ఆ నిధిలో సింహభాగం రోడ్లకే వెళ్లింది. బడులకు మిగిలింది కొద్ది.

పన్ను కట్టిన రైతు దాన్ని తన బడిగా భావించాడు. తన పిల్లల పక్కన పాలేరు పిల్లవాడు కూర్చోవడానికి అతను ఒప్పుకోలేదు. పాలేరు కూలిలోంచి తీసిన పంటతోనే ఆ శిస్తు, ఆ సెస్సు కట్టారు. కానీ రశీదు రైతు పేరున వచ్చింది. భూమి లెక్కలో పేరు లేనివాడికి బడిలో చోటు లేకపోవడం అలా జరిగింది.

ఈ కథలో మధ్యలో ఒక ఉపద్రవం కూడా ఉంది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొంది. సముద్రం కోట దాటి పట్టణంలోకి వచ్చింది. మరుసటి ఏడాది నోబుల్ కన్నుమూశాడు. బడి మాత్రం ఆయన పేరుతో నిలిచి, తరవాత కళాశాల అయింది.

ఇక టేలర్ సంగతి. పల్లె బడులు పెట్టించిన ఆయననే 1858లో ఇనాం కమిషనరుగా నియమించారు. గుడికి, పురోహితుడికి, గ్రామసేవకుడికి పూర్వం ఇచ్చిన మాన్యాల హక్కులను విచారించి, ఏ ఇనాం ఎవరిదో తేల్చే పని అది. దానపత్రం చూపించమని అడిగారు. కాగితం, రాగిరేకు ఉన్నవారు చూపించారు. లేనివారు అనుభవాన్ని, సాక్ష్యాన్ని చెప్పుకున్నారు. ప్రతి ఇనాంకీ ఒక వరస నమోదైంది. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, కట్టుబడి ఎంత. ఆ పుస్తకాలనే ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అంటారు. దేవాలయ భూమి మీద తగాదా వస్తే మన కోర్టులు నేటికీ మొదట ఆ వరసనే చూస్తాయి. మీ ఊళ్లో అలాంటి మాన్యం ఉంటే దాని నకలు సంపాదించి, ఈ పాఠం పక్కన పెట్టుకొని చదవండి. అనుభవదారు పేరున్న గడి దగ్గర కాస్త ఆగి, ఆ పేర్లు ఏ కులాలవో, వాటిలో స్త్రీల పేర్లు ఎన్నో రాసుకోండి.