మిస్వాక్ చెట్టు, వేప చెట్టు: పని ఒక్కటే, వంశాలు వేరు

విజయవాడ ముస్లిం ఇళ్లలో పళ్లు తోమే పుల్ల అంటే రెండే గుర్తొస్తాయి. ఒకటి వేప పుల్ల, రెండోది సున్నత్‌గా వాడే మిస్వాక్. రెండూ పూలు పూసే చెట్లే. పని ఒక్కటే అయినా వాటి మధ్య చుట్టరికం మాత్రం చాలా దూరం.

మిస్వాక్ చెట్టుని అరబ్బీలో అరాక్, ఉర్దూలో పీలూ అంటారు. తెలుగులో వరగోగు, గున్నంగి అనే పేర్లున్నాయి. శాస్త్రీయ నామం సాల్వడోరా పెర్సికా, కుటుంబం సాల్వడోరేసి. ఆవ, మునగ, బొప్పాయి కూడా ఇదే వర్గంలోకి వస్తాయి. మిస్వాక్ నమిలితే ఆవఘాటు తగలడానికి కారణం ఇదే. వేప శాస్త్రీయ నామం అజాడిరక్టా ఇండికా, కుటుంబం మీలియేసి. మామిడి, నిమ్మ దాని దూరపు బంధువులు.

అరాక్ అరబ్బు దేశాల చెట్టు మాత్రమే అనుకుంటాం. కానీ ఆఫ్రికా నుంచి భారత్ దాకా అది సహజంగానే పెరుగుతుంది. ఉప్పుని తట్టుకుంటుంది కాబట్టి మన తీరంలోనూ చవుడు నేలల్లో, మడ అడవుల అంచుల్లో ఉంటుంది. వేపకి నీళ్లు నిలిచే చోటు పడదు. అందుకే డెల్టాలో అది వరి మడిలో కాకుండా ఇంటి పెరట్లో, రోడ్డు పక్కన, మెరక మీద కనిపిస్తుంది. హజ్‌కి వెళ్లేవాళ్ల నీడ కోసం అరాఫాత్ మైదానంలో సుమారు 50 వేల వేప మొక్కలు నాటారు. అంటే అక్కడి చెట్టు అనుకున్నది ఇక్కడా ఉంది, ఇక్కడిది అక్కడ నీడనిస్తోంది.

ఐయూసీఎన్ జాబితాలో రెండూ 'ముప్పు తక్కువ' వర్గంలోనే ఉన్నాయి. అయితే అది ప్రపంచం మొత్తానికి చెప్పే మాట, మన ఊరికి కాదు. ఆంధ్రప్రదేశ్ 2018లో వేపని రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది. 2021లో తెలుగు రాష్ట్రాల్లో డైబ్యాక్ తెగులుకి వేప కొమ్మలు మాడిపోయినా చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. వరగోగుకి అంత ఆదరణ లేదు. తీరంలో రొయ్యల, చేపల చెరువులు పెరిగేకొద్దీ అది బతికే నేల తగ్గుతుంది. పైగా వేప పుల్ల కోసం కొమ్మ విరిస్తే సరిపోతుంది. మిస్వాక్ కోసం కొమ్మలతో పాటు వేర్లూ తీస్తారు. వేర్లు మితిమీరి తవ్వితే చెట్టే పోతుంది.

వుజూ ముందు చేతిలోకి తీసుకునే ఆ పుల్ల వెనక ఒక చెట్టుంది. కొమ్మ నుంచి తీసిన మిస్వాక్ అడిగి కొనడం, తీరంలో మిగిలిన వరగోగుని గుర్తుపట్టి నరక్కుండా చూడటం మన చేతిలో ఉన్న పనులే.