పాట కంటే ముందు అట్ట

మొన్న ఒకనాడు అవెన్యూ రోడ్డుకు పాత పుస్తకాల కోసం వెళ్ళి, పుస్తకం కొనకుండా ఒక గ్రామఫోను ప్లేటు తాలూకు అట్ట కొనుక్కుని వచ్చాను. ఏదో పాత తెలుగు సినిమాది. లోపల ప్లేటు లేదు. "ప్లేటు లేని అట్ట మీకెందుకు సార్?" అని కొట్టువాడు జాలిపడి సగం ధరకే ఇచ్చాడు. ఇంట్లో ఆవిడ ఆ జాలి కూడా పడలేదు. ఉత్త అట్టకు ఇంత ఆకర్షణ ఎక్కడినుంచి వస్తుందా అని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను.

మా చిన్నతనంలో ఇంట్లో ఉన్న ప్లేట్లకు అట్టలే లేవు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ నల్లటి ప్లేటు ఒక్కొక్క పక్క మూడు నాలుగు నిమిషాలు పాడేది. మధ్య గుండ్రంగా కన్నం ఉన్న కాగితపు సంచిలో వచ్చేది. ఆ కన్నంలోంచి కనబడే చీటీయే దాని ముఖం. అక్షరాలు రాని రోజుల్లో మేము గుర్తుపట్టినది ఆ చీటీ మీది కుక్కను. ఫ్రాన్సిస్ బరాడ్ అనే ఆంగ్ల చిత్రకారుడు తన సోదరుడు పెంచిన నిప్పర్ అనే కుక్క చనిపోయిన తరువాత వేసిన బొమ్మ అది. మొదట ఆయన వేసింది వేరే కంపెనీవారి యంత్రం. 1899లో గ్రామఫోన్ కంపెనీవారు కొనేటప్పుడు దాని మీదనే తమ యంత్రాన్ని వేయించుకున్నారు. ఆ బొమ్మలో పాడేవాడు లేడు; వినేవాడే ఉన్నాడు. చూసిన ప్రతివాడికీ తనూ అలా చెవి ఒగ్గి కూర్చోవాలనిపిస్తుంది. నన్నడిగితే ఇంతకు మించిన ముఖచిత్రం తరువాత రాలేదు.

ఆల్బం అన్న మాట కూడా ఆ కాలానిదే. పెద్ద సంగీత రచన ఒక ప్లేటులో ఇమడదు గనుక నాలుగైదు ప్లేట్లు కలిపి, ఫోటోల పుస్తకంలాగా అట్టవేసి కట్టేవారు. ఆ అట్టలు వట్టి బూడిద రంగువి, గోధుమ రంగువి. వీపున పేరు మాత్రం అచ్చు. అమెరికాలో కొలంబియా కంపెనీలో కొలువుకు చేరిన అలెక్స్ స్టైన్‌వైస్ అనే ఇరవైమూడేళ్ళ కుర్రవాడు, ఇలా సమాధిరాళ్ళలాగా ఉంటే ఎవరు కొంటారని, 1940 ప్రాంతంలో వాటి మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. మొదటి దానికి నాటకశాల ముందు దీపాల పలక మీద ఆల్బం పేరే అమర్పించి ఫోటో తీయించాడు. అమ్మకాలు పెరిగాయి. 1948లో ఎల్.పి. వచ్చింది. పన్నెండు అంగుళాల చదరం దొరికితే చిత్రకారులు ఊరుకుంటారా!

ఆ చదరం మీదకు మన దేవుళ్ళూ ఎక్కారు. 1967లో జిమీ హెండ్రిక్స్ అనే గిటారు విద్వాంసుడి రికార్డుకు, మన ఇళ్ళలో వేలాడే విశ్వరూపం కాలెండరు బొమ్మనే తీసుకుని మధ్యలో ఆయన ముఖం పెట్టారు. అది ఆయనకే నచ్చలేదట. తనలోని అమెరికా ఆదివాసి రక్తాన్ని చూపవలసిందన్నాడు. అదే యేడు బీటిల్స్‌వారి సార్జంట్ పెప్పర్ అట్ట మీద పదులకొద్దీ ప్రముఖుల మధ్య పరమహంస యోగానందతో సహా మన యోగులు నలుగురు నిలబడ్డారు. గాంధీగారిని కూడా నిలబెట్టి, ఇండియాలో గొడవ వస్తుందని కంపెనీవారు తీయించేశారు. ఎవరి బొమ్మ ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో కూడా అట్ట వేసేవాడు తెలుసుకోవాలి గదా.

ఈ మాట నాకు ఇంట్లోనే తెలిసివచ్చింది. మా మేనత్త మంగళహారతులు, పెళ్ళిపాటలు అద్భుతంగా పాడేది. కాసెట్ల రోజుల్లో, 1980ల చివర, ఒక భజన మండలివారు ఆవిడ చేత పన్నెండు పాటలు పాడించి కాసెట్టు వేశారు. కాసెట్టు ముఖమంటే నాలుగంగుళాల పొడవు, రెండున్నర వెడల్పు. ఎల్.పి. అట్టలో పద్నాలుగో వంతు ఉంటుంది. అంత చిన్న చోట అధ్యక్షులవారి ఫోటో, కార్యదర్శిగారి ఫోటో, విరాళమిచ్చిన దంపతుల ఫోటో, పైన వినాయకుడు, కింద నాలుగు రకాల అక్షరాలు. మేనత్త పేరు లోపలి మడతలో, అదీ ఇంగ్లీషులో, ఒక అక్షరం తప్పుతో! ఆవిడ చూసి, "పాడింది నేనేనని మనకు తెలుసుగా" అని నవ్వి ఊరుకుంది. మిగిలిన కాసెట్లు చాలాకాలం వారి ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి. దూరం నుంచి చూస్తే అది ఎన్నికల కరపత్రంలాగా ఉండేది మరి. మంగళహారతులు కావలసిన మనిషి దాన్ని చేతిలోకి ఎందుకు తీసుకుంటుంది?

నేను కొన్న ఆ అట్ట మీద చేత్తో దిద్దిన తెలుగు అక్షరాలు, ఒకే ఒక్క ముఖం, మిగిలినదంతా ఖాళీ. ఆ ఖాళీయే పిలుస్తుంది. బెంగుళూరులో పుట్టి కన్నడం చదువుకున్న మా పిల్లలకు తెలుగు అక్షరం ఇంట్లో ఎదురుపడింది ఇలాంటి అట్టల మీదనే.

మేనత్త పోయి పదేళ్ళయింది. కిందటి నెల మా మనుమరాలు ఆ కాసెట్టు పాటలను కంప్యూటరులోకి ఎక్కించింది. ఫోనులో పెట్టాలంటే ముఖచిత్రం కావాలట; అదీ తపాలాబిళ్ళంత. "ఏం వేయను తాతా?" అంది. ఆవిడ ఫోటో ఒక్కటి కూడా సరైనది లేదు. పెళ్ళి గుంపుల్లో సగం తల. చివరకు ఆవిడ వాడిన ఇత్తడి హారతి పళ్ళెం తోమి ఫోటో తీసింది. కింద పేరొక్కటి చాలు, తెలుగులో రాయమన్నాను. బాగానే రాసింది గాని, తలకట్టు కన్నడం పద్ధతిలో పెట్టింది. దిద్ది ఇచ్చాను.